ఊటగెడ్డ కేస్ స్టడీ

నాకు ఆ పేపర్లో తొంభై రెండు మార్కులొచ్చాయి. మా క్లాసులో అదే ఎక్కువ. ఆ మెమో ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, చూసినప్పుడల్లా నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ముందే చెబుతున్నాను, నేను శాంతంగా చెప్పే మనిషిని కాను. మా అమ్మ నన్ను మిరపచేను గట్టు మీద కన్నదని మా చిన్నాన్న ఊరంతా చెప్పి నవ్విస్తుంటాడు. ఓపికుంటే వినండి, లేకపోతే మానేయండి.

మాది గుమ్మపుట్టు. డుంబ్రిగుడ సంతకు నడిచి వచ్చే ఊళ్లలో ఒకటి. మా ఊరి నుంచి కొండ దిగి యూనివర్సిటీ దాకా పోయినదాన్ని నేనొక్కదాన్నే. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయి, కొట్టుకున్నాక మళ్లీ ఎలా కలుస్తాయి అని చెప్పే చదువొకటి ఉందని తెలిసి ఆశపడ్డాను. ఎం.ఏ. అంతర్జాతీయ సంబంధాలు. పేరు వినగానే మా ఊళ్లో పెళ్లి సంబంధాల చదువనుకున్నారు. నవ్వుకుంటే నవ్వుకోండి, ఇప్పుడాలోచిస్తే అదేదో చదివి ఉంటే ఇంతకన్నా నయం.

మొదటి రోజే సర్వేశ్వరరావు సార్ రియలిజం అనే సిద్ధాంతం చెప్పారు. దేశాల మీద పెత్తనం చేసే పెద్ద ఎవరూ లేరు. అందుకని ప్రతి దేశమూ పక్క దేశాన్ని చూసి భయపడుతుంది. భయపడి ఆయుధం కొంటుంది. అది చూసి పక్క దేశం ఇంకా పెద్దది కొంటుంది. దీన్ని భద్రతా సందిగ్ధం అంటారు. ఇంతవరకూ బాగానే ఉంది. మీకు అర్థమయ్యేలా చెబుతానంటూ ఆయన, అడవిలో ఒక తెగను ఊహించుకోండి అన్నారు. రాజు లేడు, పోలీసు లేడు, ప్రతివాడి తలకిందా ఒక కత్తి. నలభై తలకాయలు ఒక్కసారి మూడో బెంచీ వైపు తిరిగాయి. మూడో బెంచీలో కూర్చున్నది నేను. నా తలకింద హాస్టల్ దిండు తప్ప ఇంకేమీ లేదని అరవాలనిపించింది. అరవలేదు. బుద్ధిగా నోట్సు రాసుకున్నాను.

తర్వాతి వారం ఇద్దరు ఖైదీల కథ చెప్పారు. పోలీసులు ఇద్దరు దొంగల్ని పట్టుకుని వేరే వేరే గదుల్లో పెడతారు. నీ జతగాడు నిన్ను పట్టించేయబోతున్నాడు, ముందు నువ్వే చెప్పేస్తే నీకు శిక్ష తగ్గుతుంది అని ఇద్దరికీ చెబుతారు. ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరూ బయటపడేవాళ్లే. కానీ అవతలివాణ్ని నమ్మలేక ఇద్దరూ చెప్పేస్తారు, ఇద్దరూ ఇరుక్కుంటారు. దేశాలూ అంతేనన్నారు సార్. నేను ఉండబట్టలేక లేచాను.

“సార్, ఆ ఇద్దర్నీ వేరే వేరే గదుల్లో పెట్టింది ఎవరు?”

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, అది అజంప్షనమ్మా, దాన్ని ప్రశ్నించకూడదు, కూర్చో అన్నారు. నేను కూర్చున్నాను.

మూడో సెమిస్టర్లో టర్మ్ పేపర్ రాయాలి. కామేష్ అనేవాడు దక్షిణ చైనా సముద్రం తీసుకున్నాడు, ఇంకొకళ్లు యుక్రెయిన్ అన్నారు. నేను నదీజలాల ఒప్పందాలు రాస్తానన్నాను. సార్ ఒప్పుకోలేదు. నీ దగ్గర ఎవరి దగ్గరా దొరకని డేటా ఉంది, మీ ఊరి గురించి రాయి, అక్కడ ఏదైనా పెద్ద గొడవ జరిగిందా అని అడిగారు. జరిగింది సార్ అన్నాను. ఆ ఒక్క మాటతో మొదలైంది నా ఖర్మ.

జరిగింది ఇదీ. మా ఊరి పైన కొండలో ఊట ఉంది. దాన్నుంచి దిగే వాగే ఊటగెడ్డ. గెడ్డకు ఇటు మా గుమ్మపుట్టు, అటు కరకగుడ. నేను పుట్టకముందు ఒక ఏడు వానలు లేవు. గెడ్డకు అడ్డంగా వేసిన మట్టికట్టను కరకగుడ వాళ్లు తెగ్గొట్టి నీళ్లు తీసుకుపోతారని మావాళ్లు కాపలా పెట్టారు. కాపలా చూసి వాళ్లు గొడ్డళ్లు నూరారు. నూరిన చప్పుడు విని మావాళ్లు బాణాలు తీశారు. ఆఖరికి కట్ట ఎవరూ తెగ్గొట్టలేదు, మనుషుల్నే కొట్టుకున్నారు. కరకగుడ లాజరస్ గొడ్డలి వేటుకి మా బుధు తాత కుడిచేతి వేళ్లు రెండు తెగిపడ్డాయి. మావాళ్ల బాణం తగిలి లాజరస్ తమ్ముడు జీవితాంతం కుంటుకుంటూ నడిచాడు.

ఇది సగం. రెండో సగం ఏమిటంటే, మరుసటేడు రెండు ఊళ్ల పెద్దలూ గెడ్డ ఒడ్డున కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. మా ఊరి పార ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్ల ఊరి పార మా దగ్గర ఉంటుంది. ఆ రెండు పారలూ ఒక్కచోటికి చేరితేనే కట్ట మీద మట్టి తీయాలి. మాకు నీళ్లు కావాలంటే వాళ్ల పార పట్టుకుని వాళ్ల ఊరికి పోవాలి. పార పట్టుకొచ్చిన మనిషిని కాదనకూడదు. చేతిలో ఎంత పనున్నా వదిలేసి, వాళ్లు మా పార పట్టుకుని గెడ్డ దగ్గరికి రావాలి. అందరూ కూర్చోవాలి, మాట్లాడుకోవాలి, అప్పుడే నీళ్లు. ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే నడుస్తోంది. ఏ పోలీసూ రాలేదు, ఏ రాజూ రాలేదు.

అంతటితో ఆగలేదు. ఇంటికొకరు చొప్పున ఆ ఊరికీ ఈ ఊరికీ నేస్తాలు కట్టుకున్నారు. ఒకే ఆకులో తిని, కొత్త గుడ్డలు మార్చుకుంటే నేస్తం కట్టినట్టు. ఆ రోజు నుంచి నేస్తాన్ని పేరు పెట్టి పిలవకూడదు. చచ్చేదాకా నేస్తం అనే పిలవాలి. పేరు నోట వచ్చిందంటే బంధం తెగిందని లెక్క. మా తాతకు నేస్తం ఎవరనుకుంటున్నారు? వేళ్లు నరికిన ఆ లాజరసే. నాకు ఆరేళ్లప్పుడు లాజరస్ మనవరాలు సుజానాతో నేస్తం కట్టారు. వాళ్లు చర్చికి పోతారు, మేం కొండదేవరకు కోడిని కోస్తాం, దానికీ దీనికీ ఎవరూ ముడిపెట్టలేదు. నేను హాస్టళ్లకు పోయాను, ఆమె ఇంటర్‌తో ఆపేసి కాఫీ తోట చూసుకుంది. సెలవులకు వస్తే వాళ్లింట్లో అన్నం తినకుండా నేను తిరిగి వెళ్లింది లేదు. పదిహేడేళ్లు ఆమె నాకు నేస్తం, నేను ఆమెకు నేస్తం, పేర్లతో మాకు పని పడలేదు.

నేను రెండు సగాలూ రాశాను. గొడవ పన్నెండు పేజీలు, పార, నేస్తం కలిపి తొమ్మిది పేజీలు. గొడవ పేజీలు చదివి సార్ కుర్చీలో ముందుకు జరిగారు. భద్రతా సందిగ్ధానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ పుస్తకాల్లో కూడా లేదన్నారు. మిగతా తొమ్మిది పేజీల మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత పెట్టారు. ఇదంతా జానపదం, ఆంత్రోపాలజీ వాళ్లకిచ్చుకో, మన థియరీలో పట్టదు, తీసేయి అన్నారు.

ఆయన తీయలేదు. నేను తీశాను. ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని తొమ్మిది పేజీలూ సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కాను. బాధేసిందా అంటే, అబద్ధమెందుకు, వేయలేదు. నాకు మార్కులు కావాలి. ఆ నలభై తలకాయలూ నా వైపు ఇంకోరకంగా తిరగాలి. తిరిగాయి కూడా. పేపర్ చదివిన రోజు చప్పట్లు కొట్టారు. సిగ్గులేనిదాన్ని, హాస్టల్‌కి వెళ్లి ఆ ఆనందంలో అందరికీ టీ ఇప్పించాను.

నాలుగు నెలలు పోయాక మా చిన్నాన్న రవిబాబు డుంబ్రిగుడ వచ్చినప్పుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ఆయన మా ఊరి వార్డు మెంబరు. అప్పటికి ఏడాదిగా ఒక కంపెనీ మా కొండ చుట్టూ తిరుగుతోంది. ఊట ఉన్న కొండ మీద పెద్ద చెరువు తవ్వి, నీళ్లు పైకీ కిందకీ తోడి కరెంటు తీస్తారట. గ్రామసభ ఒప్పుకుంటేనే అది కట్టడానికి వీలవుతుంది. రెండు ఊళ్లూ ఒక్క సభగా గెడ్డ దగ్గర కూర్చుని మా మాట చెబుతామని మావాళ్లు ఎప్పుడో చెప్పేశారు. ఆ చెప్పబోయే మాట ఏమిటో కంపెనీకీ తెలుసు. అందుకే ఒక రిపోర్టు రాయించి తెలుగులో అచ్చేసి రెండు ఊళ్లలోనూ పంచిపెట్టారు. చిన్నాన్న పంపింది దానిలో పేజీ.

‘ఈ రెండు గ్రామాల మధ్య చారిత్రక శత్రుత్వం ఉంది. ప్రతి గ్రామమూ రెండవ గ్రామపు కదలికను దాడిగానే భావిస్తుంది. ఉమ్మడి సమావేశం శాంతిభద్రతలకు ప్రమాదకరం. కావున సభలను ఒకే రోజు, ఒకే సమయంలో, విడివిడిగా జరపవలెను.’

రెండో వాక్యం నాది. ఇంగ్లీషులో రాసి, భలే కుదిరిందని నేనే మురిసిపోయిన వాక్యం. కింద చిన్న అక్షరాల్లో ఆధారమని సార్ పేరు, ఆ పక్కనే క్షేత్ర సమాచారం అని నా పేరు, స్థానిక నివాసి అని. ఫొటో కింద చిన్నాన్న ఒక్క ముక్క రాశాడు. ఇది నువ్వు రాసిందేనేటి?

ఫోన్ మంచం మీద పడేసి తిన్నగా సార్ గదికి పోయాను. ఆయనే ఆ రిపోర్టు రాసిన కన్సల్టెన్సీకి సలహాదారట. దాచలేదు, మంచినీళ్లు ఇచ్చి మరీ చెప్పారు. ఈ పేపర్ సగమే, మిగతా సగంలో ఆ ఊళ్లు ఎలా కలిశాయో ఉంది, దాన్ని తీసేయించారు, అని కంపెనీకి ఒక ఉత్తరం రాయమన్నాను. సభలు ఎల్లుండే ఉన్నాయి, రాయండి సార్ అని బతిమాలాను కూడా. ఆయన బీరువాలోంచి నా పేపర్ తీసి నా ముందుకు జరిపారు.

“ఇందులో ఒక్క అబద్ధం చూపించమ్మా. ఒక్కటి చూపిస్తే ఇప్పుడే రాస్తాను.”

పన్నెండు పేజీలూ తిరగేశాను. కాపలా నిజం. గొడ్డళ్లు నిజం. బాణాలు నిజం, తాత వేళ్లు నిజం. ఒక్క అబద్ధమన్నా ఆడి ఉంటే బాగుండేదని ఏడుపొచ్చింది. ఉత్త నిజాలతో నా ఊరి గొంతు కోసిపెట్టాను. తొమ్మిది పేజీల సంగతి మళ్లీ ఎత్తితే, తీసింది నీ చేత్తో నువ్వే కదా అన్నారు. పీహెచ్‌డీకి నిన్ను రికమెండ్ చేయాల్సింది నేనే, ఆవేశపడకు అని కూడా అన్నారు. ఆ మాటతో ఒళ్లు మండిపోయింది.

“ఖైదీలిద్దర్నీ రెండు గదుల్లో పెట్టింది ఎవరని అడిగాను సార్ ఆ రోజు. అజంప్షన్ అన్నారు. నేనేనని మీరప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది కదా.”

తలుపు దఢాలున వేసి వచ్చేశాను. పీహెచ్‌డీ ఆశ ఆ తలుపు దగ్గరే వదిలేశాను.

మర్నాడు బస్సెక్కి పైకి వచ్చాను. డుంబ్రిగుడలో సంత రోజు. ఆటోల దగ్గర సుజానా కనిపించింది, ముందు గోనె పరిచి మిరియాలూ పసుపూ పోసుకుని కూర్చుంది. ఆమె కనిపించగానే కొంచెం ధైర్యం వచ్చింది. నేస్తం అని పిలుస్తూ గబగబా పోయాను. తలెత్తి నన్ను చూసింది. మిరియాలు కొంటున్న మనిషికి పొట్లం కట్టి ఇచ్చి, అప్పుడు అడిగింది.

“ఏటి రమణీ, ఎప్పుడొచ్చినావు?”

పదిహేడేళ్లలో ఆమె నోట నా పేరు అదే మొదటిసారి వినడం. కొట్టినా అంత తగలదు. పక్కన కూరగాయలు అమ్మే మా ఊరి ముత్యాలమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. మా వైపు ఎవరికైనా ఆ పిలుపుకి అర్థం తెలుసు.

చెప్పబోయాను. వినలేదు. తనే చెప్పింది. చర్చి దగ్గర కంపెనీ మనిషి ఆ రిపోర్టు పైకి చదివాడట. దాడికి నాయకత్వం వహించిన వ్యక్తి అని లాజరస్ తాత పేరు వచ్చిందట. ముసలాయన మూడు రోజులు గడప దాటలేదు, నేస్తం మనవరాలు రాసిందా అని ఒకటే అడుగుతున్నాడు. ఇంకో మాట కూడా చెప్పి వెళ్లారట. గుమ్మపుట్టు వాళ్లు సంతకాలకు ఒప్పేసుకున్నారు, మీరు వెనకబడితే ఉద్యోగాలన్నీ వాళ్లకే పోతాయి అని. లేదు, మావాళ్లు ఒప్పుకోలేదు అన్నాను నేను. సుజానా మిరియాలు చేత్తో దగ్గరికి నెట్టుకుంటూ అడిగింది.

“మీ ఊరి గురించి నువ్వు సెప్పింది నమ్మాలా, మా ఊరి గురించి నువ్వు రాసింది నమ్మాలా?”

ఇంటికి వచ్చాక చూస్తే ఇక్కడా అదే పాట. కరకగుడ వాళ్లు ఒప్పుకున్నారట అని మా చిన్నాన్నే నాకు చెప్పాడు. వాళ్లు సంతకం పెట్టి మనం పెట్టకపోతే కొండా పోతుంది, మనకు దక్కేదీ పోతుంది, కాబట్టి రేపు పెట్టేయడమే మంచిదని ఊళ్లో సగం మంది అనుకుంటున్నారు. నేను గోడకు చేరగిలబడిపోయాను. రెండు గదులు. ఒక్కో గదిలో ఒక్కో ఊరు. ఇద్దరికీ ఒకటే అబద్ధం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు మా గెడ్డకు అటూ ఇటూ జరుగుతోంది, ఆ గదులకు గోడలు కట్టడానికి మట్టి మోసింది నేను.

తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నెత్తిమీద చూరు కింద కరకగుడ వాళ్ల పార ఎప్పటిలాగే దోపి ఉంది. నేను అన్నం పెట్టుకొచ్చి ఇస్తే తీసుకోలేదు. మూడు వేళ్ల చెయ్యి ఎత్తి నా ముందు పెట్టాడు.

“రెండు వేళ్లు పోనాయని రాసినావు. ఈ సేత్తోనే మా నేస్తంతో ఒక ఆకులో తిన్నానని రాయలేదేటి?”

మార్కుల కోసమని ఆ చేతికి ఎలా చెప్పను?

మర్నాడు పది గంటలకు మా బడి ముందు టెంటు వేశారు. అదే పది గంటలకు కరకగుడలో చర్చి ముందు ఇంకో టెంటు. మా దగ్గరికి కంపెనీ మనుషులు ఇద్దరు, కానిస్టేబుళ్లు ఇద్దరు వచ్చారు. బల్ల మీద సంతకాల కాగితాలు, ఇంకు ప్యాడ్. నేను లేచి నిలబడి అంతా చెప్పేశాను. రాసింది నేనేనని, సగం దాచానని, అటు వైపు ఒప్పుకున్నారన్నది అబద్ధమని, వాళ్లకు మన గురించి ఇదే అబద్ధం చెప్పారని. గొంతు చించుకుని చెప్పాను. ఎవరూ నా మొహం చూడలేదు. చిన్నాన్న మాత్రం అడిగాడు, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు, ఈలోగా అవతల వాళ్లు సంతకాలు పెట్టేస్తే మనమేం కావాలి అని. ఫోన్ చేసి అడుగుదామంటే మా ఊళ్లో సిగ్నల్ లేదు. కంపెనీ మనిషి చాలా మర్యాదగా, అటు సభ అటు, ఇటు సభ ఇటు, అదే రూలు అన్నాడు. ముందు వరసలో ఒకాయన లేచి బల్ల వైపు నడిచాడు.

నేను ఇంటికి పరిగెత్తాను. చూరులోంచి పార లాగాను. తాత అరుగు మీదే ఉన్నాడు, సభకు రానని భీష్మించుకుని.

“కాయితంలోంచి తీసేసినదాన్ని ఇప్పుడు సేత్తో పట్టుకుంతావా?”

పట్టుకుంటాను తాతా అన్నాను. తాత ఆపలేదు.

మా ఊరి నుంచి గెడ్డ దిగి, దాటి, కరకగుడ ఎక్కడానికి అరగంట. నేను పావుగంటలో పోయాను. దారిపొడుగునా సార్‌ని తిట్టాను, కంపెనీని తిట్టాను, అందరికన్నా ఎక్కువ నన్నే తిట్టుకున్నాను. గెడ్డలో జారి మోకాలు చీరుకుపోయింది. పార భుజానేసుకుని, రొప్పుతూ, రక్తం కారే కాలితో కరకగుడ వీధిలో అడుగుపెట్టాను.

ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. టెంటు కింద మగవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకతను పక్కనున్న కర్ర అందుకున్నాడు. కానిస్టేబుల్ లాఠీ సర్దుకున్నాడు. కంపెనీ మనిషి ఫోన్ పైకెత్తి నన్ను వీడియో తీస్తూ, చూశారా, మేం చెప్పలేదా అన్నాడు. నాకు అర్థం కాలేదు. పార పట్టుకొచ్చాను, పార పట్టుకొచ్చిన మనిషికి ఎదురురావాలి కదా, వీళ్లు కర్రలెందుకు పడుతున్నారు?

అప్పుడు చూసుకున్నాను. ఇనుము నా చెవి పక్కన మెరుస్తోంది. కొట్లాటకు పోయేవాడు పార అలా భుజాన వేసుకుంటాడు. పార తీసుకెళ్లే పద్ధతి నేను ఎన్నడూ కళ్లారా చూడలేదు. మూడో తరగతి నుంచి హాస్టళ్లే నాకు ఇల్లు, నాట్ల కాలంలో ఊళ్లో ఉన్నది లేదు. తొమ్మిది పేజీలూ తాత సంతకు వచ్చినప్పుడల్లా ఫోన్లో అడిగి రాశాను. ఎలా పట్టుకోవాలో తాత చెప్పలేదు, అది కూడా తెలియనిదాన్ని అని ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆ క్షణంలో ఒక్కరు ఒక్క రాయి విసిరి ఉంటే, నా పన్నెండు పేజీలూ మళ్లీ మొదటి నుంచి నిజమై ఉండేవి. నేను పార దించాలన్నా భయం వేసింది, దించితే కొట్టడానికే అనుకుంటారని. అలాగే నిలబడిపోయాను.

సంతకాల వరసలోంచి సుజానా బయటికి వచ్చింది. కర్ర పట్టుకున్నతన్ని పక్కకు నెట్టి తిన్నగా నా దగ్గరికి నడిచింది. నా భుజం మీద నుంచి పార తీసింది. నా రెండు చేతులూ చాపించి, అరచేతుల మీద అడ్డంగా పెట్టింది, ఇనుము నా వైపు ఉండేలా.

“ఇలాగ పట్టుకోవాలి రమణీ. అలాగొత్తే నరకడానికొచ్చినట్టు.”

మీ పార తెచ్చాను, గెడ్డ కాడికి రండి, అని మాత్రం అనగలిగాను. లాజరస్ తాత బల్ల ముందు కుర్చీలో ఉన్నాడు. బొటనవేలికి అప్పటికే ఇంకు అంటించారు. కాగితానికీ వేలికీ మధ్య జానెడు దూరం. ఆయన నా చేతుల్లోని పారను చూశాడు, నన్ను చూశాడు. వేలు పంచెకు తుడుచుకుని లేచాడు. ఇది నీళ్ల కాలం కాదు, సభ మధ్యలో లేవకూడదు, రూలు ఒప్పుకోదు అని కంపెనీ మనిషి వెంటపడ్డాడు. లాజరస్ తాత చర్చి వసారాలోకి వెళ్లి, గోడకు ఆనించి ఉన్న మా ఊరి పార రెండు చేతుల మీద పెట్టుకుని వచ్చాడు.

“పార పట్టుకొచ్చినోల మాట ఇనీదాకా ఇక్కడ ఏ పనీ అవదు బాబూ.”

ఊరంతా లేచింది. టెంటు కింద కుర్చీలూ, కంపెనీవాళ్లూ మిగిలారు.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి అవతలి ఒడ్డున మావాళ్లు ఉన్నారు. అందరికన్నా ముందు బుధు తాత. నేను వెళ్లిన వెంటనే ఆయన లేచి బడి దగ్గరికి పోయాడట. పార బయల్దేరింది, ఇంకా కూర్చున్నారేటి అన్నాడట. సంతకం కోసం బల్ల దాకా పోయినాయన కలం కింద పెట్టేసి మొదట లేచాడట. నా మాట వినని ఊరు ఆ పార పేరు చెప్పగానే కదిలింది. నాకు కోపమూ వచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి.

ముసలాళ్లిద్దరూ నీళ్లలోకి దిగి ఎదురెదురుగా నిలబడ్డారు. నేస్తం అన్నాడు మా తాత. నేస్తం అన్నాడు లాజరస్ తాత. మీరు ఒప్పేసుకున్నారా అని ఈయన అడిగాడు. లేదు, మీరో అని ఆయన అడిగాడు. లేదు. అంతే. ఏడాదిగా కంపెనీ అల్లినదంతా పొయ్యి మీద పాలు పొంగేంత సేపు కూడా నిలవలేదు. ఖైదీలిద్దర్నీ ఒక్క గదిలో వదిలితే ఏమవుతుందో మాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

అక్కడే బండ మీద కూర్చుని చిన్నాన్న ఒక్క కాగితం మీద రాశాడు. రెండు ఊళ్లూ ఒక్క సభగా కూర్చున్నాయి, కొండ ఇవ్వబోము అని. అందరూ సంతకాలు చేశారు, వేలిముద్రలు వేశారు. గెడ్డ దాకా వచ్చిన కంపెనీ మనిషి అది చెల్లదన్నాడు. చెల్లుతుందో లేదో కోర్టులో తేలుతుంది, మేం ఇంకా తిరుగుతూనే ఉన్నాం. ఆ తొమ్మిది పేజీలూ మళ్లీ రాసి డిపార్ట్‌మెంట్లో అందరికీ పంపాను. సార్ నా పేరు పీహెచ్‌డీ జాబితాలోంచి తీసేశారు. తీసేయనివ్వండి, తీసేయడం ఎంత తేలికో నాకు తెలుసు కదా.

అది కాదు నన్ను ఇప్పటికీ తినేస్తున్నది. ఆ రోజు గెడ్డ దగ్గర అందరూ లేచి ఎవరి ఊరికి వాళ్లు బయల్దేరారు. ఎప్పటిలాగే వాళ్ల పార మేం తీసుకున్నాం, మా పార వాళ్లు తీసుకున్నారు. దాన్ని పట్టుకుని కొండ ఎక్కుతున్నది సుజానా. రెండు అరచేతుల మీద అడ్డంగా, ఇనుము తన వైపు.

“నేస్తం,” అని పిలిచాను.

ఆగలేదు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా పిలిచాను. ముందు పోతున్నవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు, ఆమె తిరగలేదు. అలాగే నడుస్తోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే కాఫీ చెట్ల చాటుకు పోతుంది. పదిహేడేళ్లు నేను ఎన్నడూ అనని మాట నోట్లో తిరిగింది. అనకూడదని తెలుసు, అంటే ఏమవుతుందో తెలుసు.

“సుజానా.”

అప్పుడు ఆగింది. వెనక్కి తిరిగి, సంతలో ఎవరినైనా చూసినట్టే నన్ను చూసి, ఏటి అని అడిగింది.